గీత రికార్డు ఇంట్లో పెట్టకూడదా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ మీతో ఒక పాత రికార్డు గురించి మాట్లాడదామని వచ్చాను. దాని పేరు ముందే చెప్పేస్తే "అయ్యో, మధ్యాహ్నంపూట ఆ మాటేమిటమ్మా" అని మీలో కొందరు రేడియో కట్టేస్తారేమోనని భయం. అందుకని ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక ఏకాదశినాడు పొద్దున్నే పప్పు పొయ్యిమీద పడేసి, ఘంటసాల గారి భగవద్గీత పెట్టుకున్నాను. పనిచేసుకుంటూ వింటే మనసుకి హాయిగా ఉంటుంది కదా అని. పది నిమిషాలు కాలేదు, తలుపు చప్పుడైంది. తీసి చూస్తే పై వాటాలో ఉండే ఆవిడ. కాళ్ళకి చెప్పులైనా లేవు. మొహం చిన్నబుచ్చుకుని, గొంతు తగ్గించి, "ఎవరండీ? మీ అత్తగారేనా?" అన్నారు. ఇంతలో మా అత్తగారే తులసికోట దగ్గర్నుంచి ఖాళీ చెంబుతో లోపలికి వచ్చి, "నాకేమమ్మా, నిక్షేపంలా ఉన్నాను" అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం. కాని ఆవిడ వెళ్ళగానే అత్తగారు, "ఎందుకొచ్చిన గొడవ, కట్టేయ్ తల్లీ. నలుగురం క్షేమంగా ఉండగా ఇంట్లో ఆ పాటెందుకు?" అన్నారు. కట్టేశాను.

మీ ఇళ్ళల్లో కూడా ఇంతే కదూ? వీధిలోంచి ఆ గొంతు వినబడితే చాలు, "ఎవరో పోయారు" అనుకుంటాం. కిటికీ మూసేస్తాం. వైకుంఠ రథం మలుపు తిరిగేదాకా పిల్లల్ని బయటికి వెళ్ళనివ్వం. తెలుగువాళ్ళు ఇంతగా ప్రేమించిన గొంతు మరొకటి ఉందా? ఆ గొంతు ఎంతో శ్రద్ధగా పాడిన పాటని మనం చావు కబురుగా మార్చేశాం. అది న్యాయమేనా అన్నదే ఈ వేళ నా ప్రశ్న.

ఆ రికార్డు సంగతి కొంచెం చెప్పుకుందాం. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. సంగీతం మాత్రం మన విజయనగరంలో నేర్చుకున్నారు. చిన్నతనంలో ఒంటరిగా వచ్చి, మధుకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర విద్య నేర్చారు. ఆ గురువుగారి అబ్బాయి సంగీతరావుగారే తరవాత మద్రాసులో ఘంటసాల గారికి సంగీతంలో కుడిభుజంగా ఉన్నారు. అంటే ఆ గొంతులో మన ఉత్తరాంధ్ర మట్టి కూడా ఉందన్నమాట. 1953లో దేవదాసు, 1957లో మాయాబజార్. ఇవన్నీ మీకు నేను చెప్పాలా! సినిమా పాటలు అన్నేళ్ళు పాడాక, చివరి రోజుల్లో, ఒంట్లో అంతగా బాగుండని కాలంలో ఆయన పాడింది ఈ భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకి 51 ఏళ్ళే. గీత రికార్డు ఆయన పోయాకే జనంలోకి వచ్చింది. బహుశా అదే దాని జాతకమేమో! పుట్టడమే ఒక చావు వెనకాల పుట్టింది.

మరి చావు పాట ఎందుకయింది? నాకు తోచిన కారణం ఒకటుంది. రికార్డులో శ్లోకాలు అధ్యాయాల వరసలోనే వస్తాయి. మొదట్లోనే రెండో అధ్యాయం వస్తుంది. పోయినవారి కోసం దుఃఖపడవద్దనీ, చిరిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టినట్టు ఆత్మ శరీరం మారుస్తుందనీ, పుట్టినవాడికి మరణం తప్పదనీ చెప్పే శ్లోకాలు అక్కడే ఉన్నాయి. శవం లేచేలోగా వాకిట్లో వినబడేది అదే, బండి వీధి దాటేలోగా చెవిన పడేదీ అదే. తరవాత ఏముందో వినే లోపు బండి వెళ్ళిపోతుంది. మనం మొదటి పేజీ చూసి పుస్తకమంతా ఇంతే అనుకున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. మాది ఉద్దానం. పలాస దిగి వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే దారిలో, సముద్రపు హోరు వినబడే ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటలు. చిన్నప్పుడు ఎండ నేలమీద పడేది కాదంటే నమ్మండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరంలోనే ఒడ్డెక్కింది. ఒక్క రాత్రిలో తాతలనాటి చెట్లు పడుకుండిపోయాయి. అంతకు ముందే, చాలా ఏళ్ళుగా, మా వైపు ఇంకో పెనుగాలి చప్పుడు లేకుండా వీస్తోంది. అదే కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, ఎటు చూసినా ఇంటికో కథ. నీళ్ళనీ, ఎండలో పని అనీ, మందుమాకులనీ పరిశోధకులు ఎన్నో కోణాల్లో చూశారు. ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ జబ్బుల కోసం 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి తాగునీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. మంచిదే. కాని అప్పటికే జబ్బు పట్టుకున్నవాళ్ళ సంగతి వేరు.

అందుకే మా ఊళ్ళో ఆ రికార్డంటే మరీ భయం. టౌనులో అది ఎప్పుడో ఒకసారి వినిపిస్తుంది. ఉద్దానంలో కొన్ని నెలల్లో మైకు ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారడమే తప్ప, ఊళ్ళోంచి పోయేది కాదు. ఆ గొంతు లేవగానే ఆడవాళ్ళు చేతిలో పని ఆపి, ఎటువైపు నుంచి వస్తోందా అని చెవి ఒగ్గేవారు. ఎవరింట్లో ఎవరికి బాగోలేదో అందరికీ తెలుసు కదా.

మా తమ్ముడికి ఆ జబ్బు వచ్చింది. వారానికి రెండుసార్లు పలాసలో డయాలిసిస్. మంచంమీద పడుకోబెట్టి, రక్తాన్ని యంత్రంలోంచి తిప్పి శుభ్రంచేసి మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. ఒకసారికి నాలుగు గంటలు. నేను విశాఖపట్నం నుంచి వారానికో, పదిరోజులకో బండెక్కి వెళ్ళేదాన్ని. నౌపడా వచ్చేసరికి ఉప్పుగాలి మొహానికి తగిలేది. పుట్టిల్లు దగ్గరపడిందంటే చిన్నప్పుడు ఎంత సంబరమో, ఆ రోజుల్లో అంత గుబులుగా ఉండేది.

ఒకనాడు డయాలిసిస్ మంచం పక్కన కూర్చుని, "ఏమైనా పాటలు పెట్టనా తమ్ముడూ?" అన్నాను. వాడు, "ఘంటసాల గీత ఉందేటప్పా నీ ఫోన్లో?" అన్నాడు. నా గుండె జారిపోయింది. మంచానికి అటువైపు నించున్న మరదలు, "వద్దొదినా, ఆ పాటొద్దు. మనసుకి బాగోదు" అని నా చెయ్యి పట్టుకుంది. వాడు నవ్వి అన్నాడు గదా: "నాను పోయాక ఎలాగూ పెడతారు. అప్పుడు నాకేటి ఇనిపిస్తాది? ఇప్పుడే ఇనిపించప్పా!"

ఇక కాదనలేకపోయాను. ఇయర్‌ఫోన్ ఒక కొస వాడి చెవిలో, ఒక కొస నా చెవిలో పెట్టాను. తీరా చూస్తే వైరు సరిగ్గా అతుక్కోలేదు. గొంతు ఒక్కసారి గదిలోకి వచ్చేసింది. పక్క మంచంమీద ఉన్న పెద్దాయన ఉలిక్కిపడి, "ఏటమ్మా, మమ్మల్ని ఇప్పుడే సాగనంపేస్తారేటి?" అన్నాడు. మంచాల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మరదలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజులకి ఆ పిల్ల నవ్వడం చూశాను.

అలా మొదలైంది. మా తమ్ముడు ఆ రికార్డుని పుట్టినప్పటినుంచీ వింటున్నాడు. అయినా ఆ రోజుదాకా దాన్ని మొదటినుంచి చివరిదాకా ఎప్పుడూ వినలేదు. మీలో ఎందరు విన్నారు? నేను కూడా వినలేదు. విన్నాక తెలిసింది, చావు సంగతి మొదట కాసేపే. ఆ తరవాత వచ్చేదంతా బతుకు.

మూడో అధ్యాయంలో అన్నం గురించి చెప్తారు. ప్రాణులు అన్నంవల్ల, అన్నం వర్షంవల్ల కలుగుతాయని. అది విని మావాడు, "ఆ వర్షం తిత్లీలాగ రాకుండా ఉంటే ఇంకా బాగుణ్ణు" అన్నాడు. తొమ్మిదో అధ్యాయంలో ఆకో, పువ్వో, పండో, నీళ్ళో ఏది భక్తితో ఇచ్చినా చాలు, పుచ్చుకుంటానంటాడు దేవుడు. దానికీ నవ్వాడు. "మా ఊరి నీళ్ళు ఇస్తే పాపం ఆయనకేటవుద్దో!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాని ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో గుచ్చుకుని ఉంది. పదిహేనో అధ్యాయం మన వంటింటిది. మనం వండి పెట్టిన అన్నాన్ని కడుపులో అరిగించే నిప్పు కూడా తనేనంటాడు కృష్ణుడు. పదిహేడో అధ్యాయంలో ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా, నిజంగా, ప్రియంగా, మేలుచేసేలా మాట్లాడడం కూడా తపస్సేనంటాడు. అడవికి వెళ్ళక్కర్లేదు, అత్తాకోడళ్ళున్న ఇంట్లో ఆ తపస్సు చాలు! ఇక చివరి శ్లోకం. అక్కడ చావు లేదు, ఏడుపు లేదు. కృష్ణుడూ అర్జునుడూ ఉన్నచోట సిరి, గెలుపు, నీతి ఉంటాయని సంజయుడు చెప్పే మాట రికార్డు చివర్లో వస్తుంది. ఆ మాట వినేదాకా ఏ శవం బండీ ఆగదు. అందుకే మనం దాన్ని వినలేదు.

ఇంకో సంగతి ఆలోచించండి. కృష్ణుడు గీత చెప్పింది చచ్చిపోయినవాడికా? బతికి ఉన్నవాడికి! చేతులు వణికి, నోరెండిపోయి, విల్లు కింద పెట్టేసి కూలబడ్డవాడికి. విన్నాక ఆయన ఏం చేశాడు? "నా సందేహం పోయింది" అని లేచి నిలబడ్డాడు. అది లేచి నిలబడడానికి చెప్పిన మాట. కూలబడ్డవాళ్ళు ఆసుపత్రుల్లో, వంటిళ్ళల్లో, మన పక్కనే ఉంటే, వాళ్ళకి వినిపించం. వినలేని వాళ్ళకి మాత్రం మైకు పెట్టి వినిపిస్తాం.

ఇంతవరకూ రికార్డులో ఉన్నదాని గురించి చెప్పాను. లేనిదాని గురించి కూడా చెప్పాలి.

మా అబ్బాయికి ఇంగ్లీషు పాటల పిచ్చి. బీటిల్స్ అని ఇంగ్లండులో ఒక బృందం ఉండేది. 1970లో విడిపోయారు. వాళ్ళు పాడి, రికార్డుల్లో పెట్టకుండా వదిలేసిన పాటలూ, పాడగా పాడగా మార్చేసిన వరసలూ పాతికేళ్ళ తరవాత, 1995 నుంచి, విడిగా అచ్చు వేసి అమ్మారట. అభిమానులు ఎగబడి కొన్నారట. "తెలిసిన రికార్డే అమ్మా, కాని వదిలేసినవి విన్నాక పాతవి కూడా కొత్తగా వినిపిస్తాయి" అంటాడు వాడు. నేను తీసిపారేశాను గాని, పలాస బండిలో కూర్చున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. మన రికార్డులో వదిలేసినవి లేవా?

ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. గీతలో 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. ఘంటసాల గారు ఏరుకుని పాడినవి నూరు పైచిలుకు. మరి ఆ రోజుల్లో ఎల్‌పీ రికార్డు ఒక వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే తిరిగేది. శ్లోకం పాడాలి, తెలుగులో తాత్పర్యం చెప్పాలి. 700 ఎక్కడ పడతాయి? పాడి దాచిపెట్టినవి కావివి, పాడకుండా మిగిలిపోయినవి. దాదాపు 600 శ్లోకాలు ఆ గొంతు కోసం ఎదురుచూస్తూ పుస్తకంలోనే ఉండిపోయాయి.

డయాలిసిస్ నాలుగు గంటలని చెప్పాను కదా. రికార్డు మొత్తం అయిపోయినా ఇంకా బోలెడంత సమయం మిగిలేది. మరదలి పుట్టిల్లు టెక్కలి. వాళ్ళ నాన్నగారి దగ్గర గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వారి చిన్న తెలుగు గీత ఉంటే ఆ పిల్ల అడిగి తెచ్చింది. అట్ట ఊడిపోయింది, పసుపు మరకలున్నాయి. రికార్డులో విన్న శ్లోకాల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాం. చుక్క లేనివి చదువుకున్నాం. నాకు సంస్కృతం రాదు. మరదలికీ రాదు. కూడబలుక్కుని చదివి, కింద ఉన్న తెలుగు అర్థం గట్టిగా చదివేవాళ్ళం. పక్క మంచం పెద్దాయన కూడా వినేవాడు.

మొదటి అధ్యాయంలో 47 శ్లోకాలున్నాయి. రికార్డులో ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. శంఖాలు ఊదే ఘట్టం రికార్డులో లేదు. కృష్ణుడి శంఖం పాంచజన్యం, అర్జునుడిది దేవదత్తం, భీముడిది పౌండ్రం, ధర్మరాజుది అనంతవిజయం, నకులుడిది సుఘోషం, సహదేవుడిది మణిపుష్పకం. మా తమ్ముడికి అది ఎంత నచ్చిందో! "ఆరు శంఖాలకీ ఆరు పేర్లేటప్పా! మన ఊళ్ళో శంఖం ఊదితే శవం లేచిందనే కదా అర్థం" అన్నాడు. నిజమే. వీళ్ళేమో మొదలుపెట్టడానికి ఊదారు. మనం ముగించడానికి ఊదుతున్నాం. ఆరో అధ్యాయంలో తిండి, నిద్ర మితంగా ఉండాలన్న మాట వస్తే, "డాక్టరుగారు చెప్పిందే కదా ఇది" అన్నాడు. డయాలిసిస్ వాళ్ళకి మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలి. సముద్రం ఒడ్డున పుట్టినవాడు గ్లాసులో గీత చూసుకుని నీళ్ళు తాగేవాడు.

పదో అధ్యాయంలో 34వ శ్లోకం దగ్గర మా మరదలు ఆగిపోయింది. ఆ అధ్యాయంలో కృష్ణుడు, వెలుగుల్లో సూర్యుణ్ణి, చెట్లలో రావిచెట్టుని, అని తాను ఎందులో ఏమిటో చెప్పుకుంటూ వెళ్తాడు. రికార్డులో వాటిలో కొన్ని ఉన్నాయి. నేను విన్నంతలో ఈ 34వది మాత్రం లేదు. దాని అర్థం మన మాటల్లో చెప్తాను. అన్నిటినీ ఎత్తుకుపోయే మృత్యువుని నేనే, ఇకముందు పుట్టబోయేవాటి పుట్టుకా నేనే, ఆడవాళ్ళలో ఉన్న మంచిపేరు, సిరి, మాట, జ్ఞాపకం, తెలివి, నిలకడ, ఓర్పు నేనే అంటాడు.

మరదలు ఆ అర్థం రెండుసార్లు చదివింది. తరవాత నా వంక చూసి, "వదినా, చావునీ మనల్నీ ఒకే శ్లోకంలో పెట్టేశాడేటి?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మీరైనా ఆలోచించండి. ఒక సగంలో మృత్యువు. వెంటనే పుట్టుక. మిగతా సగం నిండా ఆడదాని ఏడు గుణాలు. ఓర్పు ఒక్కటే చెప్పి ఊరుకుంటే నాకు కోపం వచ్చేది. ఆడదానికి ఓర్పుండాలని మనకి అందరూ చెప్తూనే ఉంటారు. కాని ఇక్కడ తెలివి ఉంది. జ్ఞాపకం ఉంది. మాట ఉంది. నోరెత్తకుండా ఉండడం అనలేదు, మాట అన్నాడు. ఉద్దానంలో ఇల్లిల్లూ చూడండి. మగవాడు మంచంపడితే జీడిపిక్కల పనికి వెళ్ళేది ఎవరు? మందుల చీటీలు జాగ్రత్త చేసేది, ఏ రోజు ఏ పరీక్ష చేశారో గుర్తుపెట్టుకునేది, డాక్టరుతో మాట్లాడేది, పిల్లల ఫీజులకి దారి వెతికేది ఎవరు? చావుకి ఎదురుగా నిలబడ్డది ఆ ఏడు గుణాలే కదా! ఆ మాట చెప్పిన శ్లోకం, ప్రతి చావింటా మోగే రికార్డులో లేకుండాపోయింది. ఇది ఎవరినీ తప్పుపట్టడం కాదు. నూరింటిని ఏరితే ఆరువందలు మిగలక తప్పదు. మిగిలినవాటి కోసం మనం వెతుక్కోకపోవడమే తప్పు.

ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు ఆ శ్లోకాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. వాళ్ళ నాన్న, "ఘంటసాల పాడలేదు కదా, నువ్వు పాడు" అన్నాడు. దానికి సంగీతం రాదు. రికార్డులోని వరసనే కొంచెం అటూ ఇటూ చేసి, సిగ్గుపడుతూ పాడింది. శ్రుతి తప్పింది. అయినా మంచంమీద వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. పక్క మంచం పెద్దాయన, "ఇది కూడా ఘంటసాలదేనేటి?" అని అడిగాడు. "కాదు, మా పాపది" అన్నాడు మావాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహం మీకు చూపించలేను.

మా తమ్ముడు కిందటేడు పోయాడు.

ఇల్లంతా జనం. మైకు కుర్రాడు వచ్చాడు, వైరు లాగాడు, మామూలుగా మొదటినుంచి పెట్టబోయాడు. నేను అరుగుమీద కూర్చుని ఉన్నాను. నాకు లేచే ఓపిక లేదు. మరదలే లేచి వచ్చి ఆ కుర్రాడితో, "బాబూ, ఆకూ పువ్వూ పండూ నీళ్ళూ అని వస్తాది చూడు, అక్కడినుంచి పెట్టు. ఆయనకి అది ఇష్టం. చివరి దాకా ఉంచు, మధ్యలో ఆపకు" అంది. ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్రాడు వెతికి పెట్టాడు. ఆ రోజు మొదటిసారి మా వీధిలో ఆ రికార్డు చివరి శ్లోకందాకా మోగింది. మరదలు చెవులు మూసుకోలేదు. ప్రతి మాటా తెలిసినట్టు విన్నది. తెలిసిందే కదా మరి. ఇద్దరూ కలిసి విన్నదే. ఊరందరికీ అది చావు పాట. ఆ పిల్లకి మాత్రం అది మొగుడితో కూర్చుని నవ్వుకున్న మధ్యాహ్నాలు. అదే వాడు బతికుండగా వినకపోయి ఉంటే ఏమయ్యేది? ఆ గొంతు జీవితాంతం ఆవిణ్ణి వెంటాడేది.

అందుకే ఈ మాటలు మీతో చెప్పాలని వచ్చాను.

అమ్మా, ఆ రికార్డు ఇంట్లో పెట్టుకోండి. చావింట పెట్టవద్దని నేననను. దుఃఖంలో ఉన్నవాళ్ళకి అది ఆసరాయే. కాని అక్కడికే దాన్ని వదిలేయకండి. ఒక ఆదివారం, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, మొదటినుంచి చివరిదాకా వినండి. పెద్దవాళ్ళు వద్దంటే గొడవపడకండి. ముందుగా పదిహేడో అధ్యాయమో, తొమ్మిదో అధ్యాయమో వినిపించండి. మా అత్తగారికి నేను చేసింది అదే. ఇప్పుడు ఆవిడే "ఆ అన్నం అరిగే శ్లోకం పెట్టవే" అని అడుగుతున్నారు. పై వాటా ఆవిడకి కూడా ముందే చెప్పి ఉంచాం లెండి!

ఇంకో పని. తెలుగు అర్థం ఉన్న గీత పుస్తకం ఒకటి తెచ్చుకోండి. పెద్ద వెల ఉండదు. రికార్డులో ఉన్నవాటికి చుక్క పెట్టుకోండి. చుక్క లేనివాటిలో వారానికి ఒకటి చదవండి. అర్థం కానివి ఉంటాయి. నచ్చనివి కూడా ఉంటాయి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో పిల్లలతో మాట్లాడండి. అర్జునుడు కూడా అన్నీ ఒప్పేసుకోలేదు, అడిగి అడిగి తెలుసుకున్నాడు. నచ్చినదాన్ని మీకు వచ్చిన వరసలో పాడుకోండి. శ్రుతి తప్పితే తప్పనివ్వండి. ఘంటసాల గారు పాడకుండా వదిలిన ఆరువందలూ మనకి వదిలినవే అనుకుందాం.

ముఖ్యంగా ఇంట్లో మంచంమీద ఎవరైనా ఉంటే, వాళ్ళు ఏ పాట అడిగితే ఆ పాట వినిపించండి. అపశకునమని ఆపకండి. వాళ్ళ పక్కన కూర్చుని మీరు కూడా వినండి. చెవి వినే రోజుల్లోనే వినిపించాలి.

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళాను. తిత్లీ తరవాత నాటిన కొబ్బరి మొక్కలు ఎదిగొచ్చాయి. మరదలు పెరట్లో కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. మేనకోడలు ముగ్గు పెడుతూ ఏదో పాడుకుంటోంది. దగ్గరికి వెళ్ళి విన్నాను. పదో అధ్యాయం, 34వ శ్లోకం. ఈసారి శ్రుతి తప్పలేదు.